రక్తస్రావముగల స్త్రీ మన సంఘంలోనే ఉంది

(కెంచనగుడ్డలో స్త్రీల, యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పూట కూలి పోగొట్టుకొని ఇక్కడికి వచ్చిన అక్కలకు, అమ్మలకు ముందుగా మా కృతజ్ఞతలు. మీ పూట వృథా కాకూడదు. అందుకే ఈ రోజు పాటలు తక్కువ, మాట సూటిగా. చాలామంది సంఘ కాపరులు వేదిక మీద పలకడానికి సిగ్గుపడే విషయం మాట్లాడబోతున్నాం. ఇంతకాలం మేమూ సిగ్గుపడ్డాం. ఆ సిగ్గుకు మూల్యం మేము చెల్లించలేదు, మన సంఘంలోని ఒక సహోదరి చెల్లించింది.

ఆమె పేరు చెప్పం. నలభై దాటిన మనిషి. తుంగభద్ర కాలువ కింద మడుల్లో నాట్లు వేసి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ముట్టు నిలిచిపోయిన తర్వాత మళ్ళీ రక్తం కనబడసాగింది. తెల్లబట్ట, వాసన, నడుము నొప్పి. ఆరాధనలో వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చునేది. ఎందుకో మాకు తెలియలేదు. "ఒంట్లో బాగుండటం లేదు, ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అన్నది. ఇంటికి వెళ్ళాం, ప్రార్థన చేశాం. ఒక్కసారి కాదు, నెలల తరబడి. ఏం బాగాలేదని ఒక్కసారి కూడా అడగలేదు. ఆడవాళ్ళ విషయం కదా అనుకున్నాం.

చివరికి ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఆమెను ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాడు. స్కానింగు చేసి, "గర్భసంచి పాడైంది, తీసేస్తే బాధ ఉండదు" అన్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించారు. తీసిన సంచిని పరీక్షకు పంపారు. మూడు వారాల తర్వాత కొడుకు వెళ్ళి రిపోర్టు తెచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో చదివేవాళ్ళు లేరు. చదివి చెప్పమని అడగాలని ఎవరికీ తోచలేదు. ఆమె దాన్ని భద్రంగా మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంది. ఎనిమిది నెలలు ప్రతి ఆదివారం ఆ కాగితం మన గుడికి వచ్చింది, వెళ్ళింది.

మళ్ళీ రక్తం మొదలైనప్పుడు, నర్సింగు చదువుతున్న మన యువతి ఒకామె ఆ కాగితం విప్పి చదివింది. అందులో రెండు మాటలున్నాయి: అడినోస్క్వామస్ కార్సినోమా. అప్పుడు బెంగళూరు వెళ్ళారు. అప్పటికి జబ్బు కటి గోడ దాకా పాకింది. అక్కడి డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆమె మరో పద్నాలుగు నెలలు బతికింది.

చివరి రోజుల్లో ఆమె మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, ఆ కాగితం ముందే ఎవరైనా చదివుంటే నేను బతికేదాన్నా?"

మేము వేదాంతం చదువుకున్నాం. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆమెను సమాధి చేసిన తర్వాత డాక్టర్ల దగ్గరికి వెళ్ళాం, అడిగాం, చదివాం. ఆమెకు చెప్పలేకపోయిన జవాబును ఈ రోజు మీకు చెబుతాం.

ఆ రెండు మాటల అర్థం

గర్భసంచి కింది భాగాన్ని గర్భాశయ ముఖద్వారం అంటారు. దాని బయటి వైపు చర్మం లాంటి పలుచని పొర ఉంటుంది. లోపలి సందులో జిగురు ఊరే గ్రంథి కణాలుంటాయి. బయటి పొరలో పుట్టే క్యాన్సర్ స్క్వామస్ రకం, ఎక్కువ మందికి వచ్చేది ఇదే. లోపలి గ్రంథుల్లో పుట్టేది అడినో రకం. ఒకే గడ్డలో ఈ రెండూ కలిసి ఉంటే అది అడినోస్క్వామస్. ముఖద్వార క్యాన్సర్లలో ఇది నూటికి కొద్దిమందిలోనే కనబడుతుంది.

ఇదే పేరుగల క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో, క్లోమంలో, పిత్తాశయంలో కూడా అరుదుగా వస్తుంది. అక్కడ ఇది ఇంకా మొండిది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పూర్తిగా కోసి తీయగలిగితేనే ఎక్కువ ఆశ ఉంటుంది. క్లోమం, పిత్తాశయం విషయంలో చాలామందికి ఆ అవకాశం దాటిపోయాకే తెలుస్తుంది. ముఖద్వారం అలా కాదు. డాక్టరు కంటితో చూడగల చోటు అది, చేతికి అందే చోటు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ముందుగానే గుర్తు చూపించే జబ్బు ఇది. అందుకే దీనితో చనిపోవడం దుఃఖం మాత్రమే కాదు, అన్యాయం కూడా.

ఇది ఎందుకు వస్తుంది? దాదాపు అన్ని ముఖద్వార క్యాన్సర్లకూ హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. దీన్ని కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ వైరస్‌లో 16, 18 అనే రెండు రకాలే నూటికి 70 కేసులకు మూలం. గ్రంథి రకాల్లో 18వ రకం పాలు ఎక్కువ.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. దాంపత్య జీవితం ఉన్న ఆడవాళ్ళలో, మగవాళ్ళలో ఎక్కువ మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో నిలిచిపోయి, ఏళ్ళ తర్వాత క్యాన్సర్ అవుతుంది. ఒక్క భర్తతోనే బతికిన ఆడమనిషికీ రావచ్చు. పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని అడిగితే ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. మన సంఘాల్లో ఆ ప్రశ్న ఇంకా వేస్తున్నాం. నోటితో కాదు, చూపుతో.

కత్తి ఎప్పుడు, ఎంత?

ఆ అక్కకు ఆపరేషన్ జరిగింది కదా, మరి ఎందుకు బతకలేదు? మమ్మల్ని చాలామంది అడిగిన ప్రశ్న ఇది. గర్భసంచి తీయడం వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయడం వేరు.

మామూలు ఆపరేషన్‌లో సంచిని మాత్రమే తీస్తారు. క్యాన్సర్ ఉన్నప్పుడు చాలాసార్లు ముఖద్వారం చుట్టూ ఉన్న కణజాలం, యోని పైభాగం, కటిలోని లింఫు గ్రంథులు కూడా తీయాలి. దీన్ని రాడికల్ హిస్టరెక్టమీ అంటారు. వియన్నాలో ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ అనే డాక్టరు 1898లో ఈ విధానాన్ని మొదలుపెట్టాడు. ఇది చేయడానికి ప్రత్యేక శిక్షణ కావాలి.

అయితే కత్తి పెట్టే ముందు తెలియవలసినవి రెండు: ముక్క పరీక్షలో ఏ రకం అని తేలింది, జబ్బు ఏ దశలో ఉంది. కంటికి కనబడనంత చిన్నదైతే ముఖద్వారంలో కొంత భాగం తీసినా సరిపోవచ్చు, పిల్లలు కావాలనుకునే యువతికి సంచి మిగులుతుంది. గడ్డ 4 సెంటీమీటర్ల లోపు ఉండి, ముఖద్వారం దాటకపోతే రాడికల్ ఆపరేషన్ మంచి మార్గం. అంతకు మించి పెరిగినా, పక్కలకు పాకినా ఆపరేషన్ కాదు. రేడియేషన్, అంటే మన ఊళ్ళలో కరెంటు పెట్టడం అనేది, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ మందు, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్. కరెంటు అంటే చావుకు ముందు చేసేది అని మనలో ఒక భయముంది. అది తప్పు. ముదిరిన దశలో కూడా నయం చేయడానికి ఇచ్చే వైద్యమే అది.

రెండింటిలో ఏది మంచిది? ఇటలీలో లండోని అనే డాక్టరు బృందం తొలి దశ రోగుల మీద ఈ రెండు పద్ధతులనూ పోల్చి 1997లో ఫలితాలు ప్రకటించింది. ఐదేళ్ళ తర్వాత రెండు గుంపుల్లోనూ నూటికి 83 మంది బతికే ఉన్నారు. కానీ గ్రంథి రకం ఉన్నవారిలో ఆపరేషన్ గుంపులో 70 శాతం, రేడియేషన్ గుంపులో 59 శాతం బతికారు. అందుకే గ్రంథి కణాలు కలిసిన రకాల్లో, తొలి దశలో దొరికితే, డాక్టర్లు చాలాసార్లు ఆపరేషన్ వైపు మొగ్గుతారు. రిపోర్టులో ఆ పేరు చదవడం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమైందా?

పెద్ద కోత కన్నా చిన్న రంధ్రాల ఆపరేషన్ మేలు అని మనం అనుకుంటాం. 2018లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన దీనికి ఎదురు చెప్పింది. 631 మంది స్త్రీల మీద చేసిన ఆ పరిశోధనలో, పొట్ట కోసి చేసిన రాడికల్ ఆపరేషన్ తర్వాత నాలుగున్నరేళ్ళకు జబ్బు తిరగబడకుండా ఉన్నవారు 96.5 శాతం. చిన్న రంధ్రాల పద్ధతిలో 86 శాతమే. కొత్త మిషను, తక్కువ మచ్చ చూసి మోసపోవద్దు. "నా జబ్బుకు ఏ పద్ధతి, ఎందుకు?" అని అడగండి. అడగడం మీ హక్కు.

ఆపరేషన్‌తో కథ ముగియదు. తీసిన భాగం మళ్ళీ పరీక్షకు వెళ్తుంది. లింఫు గ్రంథుల్లో జబ్బు ఉన్నా, కోత అంచుల్లో ఉన్నా, పక్క కణజాలంలో ఉన్నా రేడియేషన్, మందు కలిపి ఇవ్వాలి. మామూలు ఆపరేషన్ చేశాక అనుకోకుండా క్యాన్సర్ బయటపడితే కూడా వెంటనే, వారాల్లోపే, తర్వాతి వైద్యం మొదలుపెట్టాలి. మన సహోదరి విషయంలో ఆ వారాలు ఎనిమిది నెలలయ్యాయి.

కష్టాలు కూడా చెప్పాలి. రాడికల్ ఆపరేషన్ తర్వాత మూత్రం సరిగా రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. గ్రంథులు తీసిన వైపు కాలు వాయవచ్చు. ఆఫీసులో కూర్చునే మనిషికి అది ఇబ్బంది. మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే మనిషికి అది జీవనాధారం పోవడం. వైద్యం ఖర్చు లెక్కలో దీన్ని ఎవరూ వేయరు. సంఘమైనా వేయాలి.

బతుకు లెక్కలు

2022లో మన దేశంలో సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. తొలి దశలో దొరికి సరైన వైద్యం అందితే నూటికి 80 మందికి పైగా ఐదేళ్ళు దాటి బతుకుతారు. దేశంలోని 11 క్యాన్సర్ రిజిస్ట్రీలు 2012 నుంచి 2015 వరకు నమోదైన రోగులను లెక్కిస్తే ఐదేళ్ళు బతికినవారు నూటికి 52 మంది మాత్రమే. ఈ తేడాలో ఎక్కువ భాగం ఆలస్యానిది, పేదరికానిది, దూరానిది.

అడినోస్క్వామస్ సంగతి? తొలి దశలో ఆపరేషన్ అయినవారిలో ఫలితాలు స్క్వామస్ రకంతో దాదాపు సమానమని కొన్ని పరిశోధనలు, కొంచెం తక్కువని మరికొన్ని చెబుతున్నాయి. జబ్బు ముదిరాక, గ్రంథులకు పాకాక మాత్రం ఇది ఎక్కువ ప్రమాదకరమని చాలామంది డాక్టర్ల అనుభవం. అంటే ఈ రకానికి ఆలస్యం మరింత శత్రువు.

ఇంకో చిక్కు ఉంది. గ్రంథి కణాలు లోపలి సందులో దాగి ఉంటాయి. వెనిగర్ లాంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్షకు, పాప్ పరీక్షకు కూడా అవి ఒక్కోసారి దొరకవు. హెచ్‌పీవీ పరీక్షకు దొరికే అవకాశం ఎక్కువ. కాబట్టి, "పరీక్షలో ఏమీ లేదన్నారు" అని రక్తం పోతున్నా ఊరుకోవద్దు. ముట్టు నిలిచాక రక్తం, కలయిక తర్వాత రక్తం, నెల మధ్యలో రక్తం, వాసనతో తెల్లబట్ట: ఇవి ఉంటే ముక్క తీసి పరీక్ష చేయమని అడగాలి.

అక్కరలేని కోత

ఇప్పుడు మన తెలుగువాళ్ళ అవమానం ఒకటి చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. దేశంలో అందరికన్నా ముందున్నది మనమే. అదే సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ వారిలో ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం.

పరీక్ష చేయం, సంచి తీస్తాం. తెల్లబట్టకు, నడుము నొప్పికి "తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి ముప్పై ఏళ్ళ కూలి తల్లుల దగ్గర సంచులు తీసినవాళ్ళున్నారు. క్యాన్సర్ నిజంగా ఉన్నచోటేమో పరీక్ష లేకుండా తక్కువ ఆపరేషన్ చేశారు. అక్కరలేని వారికి కోత, అక్కర ఉన్నవారికి చాలని కోత. అక్కరలేని ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం మన తాలూకా దాకా రావాలంటే మనమే అడగాలి.

మార్కు సువార్తలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుర్తుందా? ఎందరో వైద్యుల దగ్గర తిరిగి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, బాగుపడక ఇంకా క్షీణించిందని మార్కు రాశాడు. ఆమె వెనుక నుంచి వచ్చింది. ప్రభువు ఆమెను ముందుకు పిలిచాడు, జనం మధ్య మాట్లాడనిచ్చాడు, కుమారీ అన్నాడు. మన సంఘంలో ఆమె తలుపు పక్కన కూర్చుంది. మేము ఆమెను ముందుకు పిలవలేదు.

ఖమ్మం పాఠం

టీకా గురించి యౌవనస్థులు అడుగుతున్నారు. హెచ్‌పీవీ టీకా ఈ క్యాన్సర్‌ను ఆపుతుంది, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఆడపిల్లలకు వేస్తే బాగా పనిచేస్తుంది. ఇప్పుడు మన దేశంలోనే సీరం ఇన్‌స్టిట్యూట్ సెర్వావాక్ పేరుతో తయారుచేస్తోంది.

కానీ మన తెలుగు నేలకు ఒక గాయం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఒక పరిశోధన పేరుతో వేలాది ఆడపిల్లలకు ఈ టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టల్ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. అయితే తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారన్నది బయటపడింది, 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

దీని నుంచి టీకా వద్దని నేర్చుకోవాలా? కాదు. పేదపిల్లల తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పి, వారి ప్రశ్నలకు జవాబిచ్చి, వారే ఒప్పుకున్నాక వేయాలని నేర్చుకోవాలి. టీకా కావాలి, గౌరవం కూడా కావాలి. రెంటిలో ఒకటి ఎంచుకోమనడం అన్యాయం.

మనం చేయవలసింది

మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా 31 వేల మంది స్త్రీలతో జరిగిన పరిశోధన 2009లో వెలువడింది. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలు వెనిగర్ పరీక్ష చేస్తేనే మరణాలు 31 శాతం తగ్గాయని టాటా మెమోరియల్ ఆసుపత్రి చూపించింది. వాళ్ళు మన అక్కల్లాంటి వాళ్ళే, మన పల్లెల్లాంటి పల్లెలే. మనకెందుకు సాధ్యం కాదు?

అందుకే మా సంఘంలో కొన్ని పనులు మొదలుపెట్టాం, మీరూ పెట్టండి. 30 దాటిన ప్రతి స్త్రీ పరీక్ష తేదీని స్త్రీల సమాజం పుస్తకంలో రాస్తున్నాం. ఆశా కార్యకర్తను గుడికి పిలుస్తున్నాం, క్రైస్తవురాలా కాదా అని చూడం. హెచ్‌ఐవీతో జీవిస్తున్న సహోదరీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ, వారికి 25 ఏళ్ళ నుంచే పరీక్ష కావాలి. వారి గుట్టు కాపాడుతూ తోడు వెళ్ళే ఇద్దరిని ఏర్పాటు చేశాం. ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత కాగితాల బల్ల ఒకటి వేస్తున్నాం. ఏ రిపోర్టైనా తీసుకురండి, చదువుకున్న యౌవనస్థులు చదివి, ఏ డాక్టరుకు చూపాలో చెబుతారు.

మనది సరిహద్దు. కొందరు బళ్ళారి వెళ్తారు, కొందరు ఆదోని, కర్నూలు వెళ్తారు, చివరికి బెంగళూరులో కిద్వాయికో, హైదరాబాదులో ఎం.ఎన్.జె.కో చేరుతారు. ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బస్సెక్కే ముందే ఫోను చేసి కనుక్కోవాలి. ఈ పని కూడా యౌవనస్థులదే. రేడియేషన్‌కు ఐదారు వారాలు ఉండాలి. మధ్యలో ఆపితే ఫలితం దెబ్బతింటుంది. ఆ వారాల్లో ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టేదెవరు? అది సంఘం పని. కానుకల పెట్టెలో డబ్బు దానికి వాడితే దేవుడు నొచ్చుకోడు.

ప్రార్థన మానమని మేము అనడం లేదు. ఇప్పటికీ ప్రార్థన చేస్తున్నాం. కానీ "ఆమెన్" తర్వాత "పరీక్ష చేయించుకున్నావా అక్కా?" అని అడుగుతున్నాం. అన్నలారా, మీరు కూడా మీ ఇంట్లో అడగండి. ఆసుపత్రికి తోడు వెళ్ళండి.

ఇక ఆమె ప్రశ్నకు జవాబు. ఆ కాగితం ముందే చదివుంటే ఆమె బతికేదా? ఖాయంగా బతికేదని ఏ డాక్టరూ అనలేదు. అవకాశం చాలా ఎక్కువగా ఉండేదని అందరూ అన్నారు. ఆపరేషన్‌కు ముందే ముక్క పరీక్ష జరిగి ఉంటే ఇంకా ఎక్కువ. రక్తం కనబడిన మొదటి నెలలో మేము అడిగి ఉంటే అన్నిటికన్నా ఎక్కువ.

ఆమె బైబిలు సంచి ఇప్పుడు కాగితాల బల్ల మీద ఉంటుంది. కూతురు ఇచ్చింది. మీ ఇంట్లో మడిచి పెట్టిన కాగితం ఏదైనా ఉంటే వచ్చే ఆదివారం తెచ్చి అందులో వేయండి. ఈసారి చదువుతాం.